ఉప్పలదిన్నె రోలు

జాతి అన్నాక జ్ఞాపకం ఉండాలి. జ్ఞాపకం అన్నాక దానికో నంబరు ఉండాలి. మా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఆ నంబరు వేసేదాన్ని నేనే. తెల్ల పెయింటు, సన్న కుంచె, కళ్లజోడు నా పనిముట్లు. నంబరు పడనంత వరకు అది రాయి, కర్ర, ముంత. పడ్డాక చరిత్ర. ఇంత శక్తి బ్రహ్మదేవుడికి కూడా లేదని మా ఆయన అంటుంటారు. బ్రహ్మ నుదుటి మీదే రాయగలడు, నేను ఎక్కడైనా రాయగలను.

మా డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం గారు వచ్చిన ఏడాదే "పల్లెకో జ్ఞాపకం, జాతికి అంకితం" అనే ఉద్యమం మొదలుపెట్టారు. ప్రతి ఊరూ తనకు ప్రాణసమానమైన వస్తువునొకటి మాకు ఇచ్చేయాలి. ఇచ్చిన ఊరి సర్పంచికి పూలదండ, శాలువా, డైరెక్టర్ గారి పక్కన ఫోటో. ఉద్యమం ఎంత జోరుగా నడిచిందంటే, శాలువాలు చాలక ఒక సర్పంచికి కప్పినదాన్ని ఫోటో అయ్యాక మెల్లిగా లాగి ఇంకొకరికి కప్పాల్సి వచ్చింది. కవ్వాలొచ్చాయి, కావిళ్లొచ్చాయి, తిరగళ్లొచ్చాయి. ఒక ఊరివాళ్లయితే తమ ఊళ్లో అందరికన్నా పెద్దాయన్ని జీపులో తీసుకొచ్చి దింపారు. టీ ఇచ్చి పంపించేశాం. అప్పటికి మా నిబంధనలు అంత పరిణతి చెందలేదు.

ఉప్పలదిన్నె రోలు మిర్చి కోతల రోజుల్లో వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా చేలల్లో ఉన్న సమయం చూసి సర్పంచి గారు దాన్ని ట్రాక్టరు మీదికెక్కించి తెచ్చేశారు. నల్లరాతి రోలు, పక్కనే ఇనప పొన్ను వేసిన రోకలి. ఆ ఊళ్లో ఏ ఇంట పెళ్లి జరిగినా పసుపు ఆ రోట్లోనే దంచుతారట. మేం దాన్ని అద్దాల హాల్లో దిమ్మె మీద పెట్టి, పైన లైటు వేసి, డైరెక్టర్ గారు స్వయంగా చెప్పిన వాక్యం రాసి తగిలించాం: "గ్రామీణ జీవన సంస్కృతికి దర్పణం. ఒకప్పుడు దీనిలో పసుపు దంచేవారు." ఒకప్పుడు అంటే అంతకు ముందు మాఘమాసంలో.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పాత కత్తి నుంచి రాలిన తుప్పుని మా స్వీపరు ఊడ్చి పారేసింది. ఆ తుప్పు కూడా చరిత్రే కదా అని పైనుంచి ఆక్షేపణ వచ్చింది. పరాంకుశం గారు తలుపులేసుకుని ఒక రోజంతా ఆలోచించి ఒక ఉత్తర్వు జారీ చేశారు. దాన్ని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో అంటించాం: "నమోదైన వస్తువు, దాని నుంచి రాలినది, దానికి అంటినది మరియు అట్టి అంటినది మరి దేనికి అంటినచో అదియు, సమస్తమూ జాతి ఆస్తిగా పరిగణింపబడును. అట్టి ఆస్తి ప్రదర్శనశాల గేటు దాటరాదు." ఇంత పకడ్బందీ ఉత్తర్వు దేశంలో ఇంకెక్కడా లేదని ఆయన నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

వైశాఖంలో ఒక రోజు పొద్దున్నే ఉప్పలదిన్నె ఆడవాళ్లు ఆటోలో దిగారు. ముందు నడుస్తున్నావిడ నాగరత్తమ్మ గారు. వయసు డెబ్బై దాటినా నడకలో తొందర తగ్గలేదు. చేతిలో పసుపుకొమ్ముల సంచి, వెనకాల మామిడాకులు పట్టుకున్న ముత్తయిదువలు, వాళ్ల మధ్య ఆవిడ మనవరాలు హైమ. ఆ అమ్మాయి మండలంలో సర్వేయరుగా పనిచేస్తోంది. మర్నాడు తనకి పెళ్లి.

"ఏమ్మా, మా రోలు యాడుంది?" అంది నాగరత్తమ్మ గారు నా బల్ల దగ్గరికొచ్చి. "రేపు పొద్దున ముహూర్తం. పసుపు దంచుకోవాల. ఇట్టా ఇచ్చేస్తే ఆటోలో ఏసుకుని పోతాం."

"అమ్మా, అది మీ రోలు కాదండీ. జాతి రోలు."

"జాతి ఇంట్లో పెళ్లేమన్నా ఉందా?"

"లేదండీ."

"మరింకేం. మా ఇంట్లో ఉంది."

జవాబు తోచనప్పుడు డైరెక్టర్ గారిని పిలవాలన్నది మా ఆఫీసు పద్ధతి. పరాంకుశం గారు వచ్చి సంగతంతా విని, కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో వెలుగుంది.

"రోలు బయటికి ఇవ్వడం నిబంధనల రీత్యా అసాధ్యం," అన్నారు. "అయితే వారసత్వాన్ని వారసులకు దూరం చేయడం మా ఉద్దేశం కాదు. కనుక మీరు ఇక్కడే, ఈ దిమ్మె మీదనే, సందర్శకుల సమక్షంలో పసుపు దంచుకోవచ్చును. దీనిని 'సజీవ వారసత్వ ప్రత్యక్ష ప్రదర్శన'గా ప్రకటిస్తున్నాను."

"ఏదో ఒకటి ప్రకటించు నాయనా, పొద్దుపోతంది," అంది నాగరత్తమ్మ గారు.

రోటికి పసుపు రాసి బొట్లు పెట్టారు. రోకలికి పసుపుకొమ్ము కట్టారు. ముత్తయిదువలు చీర కొంగులు దోపి, ఒకరి తర్వాత ఒకరు పోట్లు వేస్తూ పాట ఎత్తుకున్నారు. పాటలో పెళ్లికొడుకు మేనత్తల్ని తిట్టిన తిట్లు మా హాల్లో ఇదివరకెన్నడూ వినపడలేదు. ఆ చప్పుడుకి నేను పనాపి రోలు దగ్గరికెళ్లాను. ఇన్ని నెలలుగా రోజూ దుమ్ము తుడిపిస్తున్నాను, అది మూగదనుకున్నాను. గాజు అలమరాల్లో ఉన్న తక్కిన సామానంతా సన్నగా అదిరింది. పసుపు దంచడం అయ్యాక నాగరత్తమ్మ గారు ఇంత పొడి తీసి, తడిపి, మనవరాలి బుగ్గలకి, చేతులకి, కాళ్లకి పూసింది. మిగతాది ఇత్తడి గిన్నెలోకి ఎత్తుకుని అందరూ ఆనందంగా గేటు దాకా వెళ్లారు.

గేటు దగ్గర దావీదు ఉంటాడు. దావీదు మా సెక్యూరిటీ గార్డు. రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు పాటించే మనిషి.

"అమ్మా, ఆగండి. ఆ గిన్నెలో ఏంది?"

"పసుపు."

"రోట్లో నుంచి తీసిందేగా. గేటు దాటదమ్మా," అని ఉత్తర్వు వైపు చెయ్యి చూపించాడు. తర్వాత హైమ వైపు తేరిపార చూశాడు. "పాపా, నువ్వు గూడా దాటవు. నీకు అంటింది. దంచినోళ్లంతా గూడా లోపలే."

నన్ను పిలిపించారు. నేను ఉత్తర్వు ఒకటికి రెండుసార్లు చదివి, దావీదుది న్యాయమేనని చెప్పాను. డైరెక్టర్ గారిని పిలిపించాం. ఆయన తన ఉత్తర్వు ఇంత సూక్ష్మంగా పనిచేస్తుందని తనకే తెలియదన్నట్టు మురిసిపోయారు.

"సార్, మొహం కడుక్కుంటాను. పోతుంది," అంది హైమ.

"జాతి ఆస్తిని సబ్బుతోనా!" పరాంకుశం గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అమ్మా, మీరు చదువుకున్నవారు. మీ నోటి నుంచి రావలసిన మాట కాదిది."

"రేపు పొద్దున నా పెళ్లి సార్!"

"మినహాయింపుల కమిటీ కార్తీకమాసంలో సమావేశమవుతుంది. మీ విషయం మొదటి అంశంగా పెట్టిస్తాను."

హైమ మొహం ఎర్రబడింది. పసుపు మీద ఎరుపు మా ఫోటోగ్రాఫరుకి చాలా నచ్చింది. నేను కుంచె తీశాను గానీ నుదురు కల్యాణతిలకానికి కావాలని వాళ్ల నాయనమ్మ అడ్డం పడింది. సరేనని నంబరు చీటీ మీద రాసి, నాకు అంటకుండా చేతికి తొడుగులేసుకుని, మణికట్టుకి దారంతో కట్టాను. అమ్మాయిని రోలు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి వివరాల పలక తగిలించాను: "వధువు. కాలం: సమకాలీనం. లభించిన స్థలం: ఉప్పలదిన్నె. స్థితి: చెక్కుచెదరలేదు, కోపంగా ఉంది."

వస్తు సంరక్షణ విభాగంవాళ్లు వచ్చి లైటు తగ్గించారు, ఏసీ పెంచారు. ప్రదర్శిత వస్తువుల దగ్గర తినుబండారాలు నిషేధమని బోర్డు పెట్టారు. "పిల్ల పొద్దుట్నించి ఎంగిలి పడలేదు, జాతి ఆస్తి కళ్లు తిరిగి పడితే మీదే పూచీ," అని నాగరత్తమ్మ గారు కేకలేస్తే, పులిహోరని సంరక్షణ ద్రవ్యంగా అనుమతించారు.

ఆ మధ్యాహ్నం ఒక బడి పిల్లలు వచ్చారు. టీచరమ్మ కర్రతో చూపిస్తూ, "ఇది పూర్వకాలపు పెళ్లికూతురు," అని చెప్పింది.

"మేడం, ఫోన్ మాట్లాడుతోంది!" అంది ఒక పాప.

"మన పూర్వీకులకి అన్నీ ఉండేవమ్మా," అంది టీచరమ్మ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

హైమ ఫోన్ మాట్లాడుతున్నది పెళ్లికొడుకుతో. అతని పేరు కోటేష్, పురుగుమందుల కొట్టు నడుపుతాడు. సాయంత్రానికి వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లికూతుర్ని చూడాలంటే టిక్కెట్టు కొనాలన్నారు. కొన్నాడు. చెప్పులు మూల విప్పి, కుర్చీ చుట్టూ కట్టిన తాడు దాకా వచ్చి, పలక చదివాడు.

"కోపంగా ఉందని రాశారేంది?" అన్నాడు నన్ను.

"ఉన్నది ఉన్నట్టు రాయడం మా ధర్మం."

"ఎట్టా హైమా, రేపు ముహూర్తం?" అంటూ ఆ అబ్బాయి తాడు దాటి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వద్దు వద్దు అని నేను అరిచేలోపే అతని అరచేతికి పసుపు అంటింది.

"ఇప్పుడు నేను గూడా బయటికి పోలేనంటారా?" అన్నాడు.

"పోలేరు."

"ఈమె పక్కనే కుర్చీ ఏస్తారా?"

"ఒకే రోటికి చెందిన వస్తువులు గనక ఒకేచోట ఉంచాలి."

"అయితే నంబరు కట్టండి," అని చెయ్యి చాపాడు. ఆ రోజంతట్లో హైమ నవ్వడం అప్పుడే చూశాను. పలక మీద 'కోపంగా' అన్న మాట కొట్టేశాను. పెళ్లికొడుకు నాన్న మాత్రం "ముహూర్తం తప్పితే మూఢమొస్తుంది, మళ్లీ శ్రావణం దాకా లేవు, ఊళ్లో వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వేశారు," అని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. హైమ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకోబోయి, చరిత్ర చెరిగిపోతుందేమోనని నా వైపు చూసి ఆగింది. నాకు పాపం అనిపించింది. కానీ పాపం అనిపిస్తే ఏం చెయ్యాలో ఉత్తర్వులో లేదు.

సాయంత్రం టీవీవాళ్లు వచ్చారు. పరాంకుశం గారు కొత్త కండువా వేసుకుని రోలు ముందు నిలబడ్డారు. "జ్ఞాపకాన్ని కోల్పోయిన జాతి అస్తిత్వాన్ని కోల్పోతుంది. మేము జ్ఞాపకాన్ని కదలనివ్వము," అన్నారు. తర్వాత కెమెరా ముందు వినయంగా వంగి నాగరత్తమ్మ గారి కాళ్లకి దణ్ణం పెట్టారు. ఆవిడ కావాలని చేసిందో, ప్రేమ కొద్దీ చేసిందో నేను చెప్పలేను. చెయ్యి మాత్రం పసుపు గిన్నెలో ముంచి మరీ ఆయన బట్టతల మీద పెట్టింది.

"చల్లగా ఉండు నాయనా. నూరేళ్లూ ఈ ఇంట్లోనే ఉండు," అంది.

ఇంటికి వెళ్లే వేళయింది. డైరెక్టర్ గారి కారు గేటు దగ్గర ఆగింది. దావీదు గేటు తియ్యలేదు.

"ఏంటయ్యా?"

"నెత్తి మీద జాతి ఆస్తి ఉంది సార్."

"నేను డైరెక్టర్ని!"

"తెలుసు సార్. సంతకం గూడా మీదే సార్."

పరాంకుశం గారు కారు దిగి, తన ఉత్తర్వుని కింది నుంచి పై దాకా, పై నుంచి కింది దాకా చదువుకున్నారు. అందులో ఎక్కడా సందు లేదు. ఆయన రాసిన వాటిల్లో సందు ఉండదు. నేను చీటీ, దారం తీసుకుని వెళ్లాను. ఆయన చెయ్యి చాపారు. వివరాల పలకలో 'కాలం' దగ్గర "పదవీ విరమణకు సమీపం" అనీ, 'స్థితి' దగ్గర "పెళుసు" అనీ రాశాను. కుర్చీ పెళ్లికొడుకు పక్కన వేశాం. ఆయన కాసేపు బింకంగానే కూర్చున్నారు. ఇంటి నుంచి భార్య ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగితే, "కార్తీకమాసంలో," అన్నారు. అవతలి నుంచి వచ్చిన మాటలు మాకందరికీ వినపడ్డాయి. అప్పుడు దిగొచ్చారు.

"దీనికేదైనా మార్గం ఆలోచించాలి," అన్నారు. "అయితే నా ఉత్తర్వు చెక్కుచెదరకూడదు."

"సార్, గేటు దాటకూడదు, అంతేగదా?" అంది హైమ. "నేను సర్వేయర్ని. హద్దు ఎక్కడ పాతితే స్థలం అక్కడిదాకా. మేం గేటు దాటకుండా, గేటే మా ముందు పోతే?"

పరాంకుశం గారి కళ్లలో మళ్లీ వెలుగొచ్చింది.

"అనగా ప్రదర్శనశాలయే సంచరించును!" అన్నారు. ఆయన సంతోషం వచ్చినప్పుడు గ్రాంథికంలోకి వెళ్లిపోతారు.

వెల్డరు వచ్చి గేటు ఊడదీశాడు. లారీ తెప్పించాం. ముందు భాగాన గేటు నిలబెట్టి కట్టారు, దాని పక్కన దావీదు తాళంచెవులతో కూర్చున్నాడు. గేటుకి వెనకాల, అంటే ప్రదర్శనశాల లోపల, రోలు, రోకలి, పెళ్లికూతురు, పెళ్లికొడుకు, డైరెక్టర్ గారు, నాగరత్తమ్మ గారు, ముత్తయిదువలు, నేను. దారి పొడుగునా జనం బండ్లాపి చూశారు. టోల్‌గేట్ దగ్గర కుర్రాడు అడ్డం వచ్చి, "ఈ గేటేంది సార్?" అన్నాడు. "మాది లోపలి గేటు, మీదే బయటి గేటు," అన్నాడు దావీదు. వాడు అడ్డుకర్ర ఎత్తేశాడు. నడిరాత్రి వేళకి ఉప్పలదిన్నె చేరాం. ఊరి మొదట్లో గేటు దింపి పాతారు. ఆ విధంగా ఊరంతా ప్రదర్శనశాల లోపలికి వచ్చింది.

మర్నాడు పొద్దున ముహూర్తానికి ముడి పడింది. తాళికట్టిన తాడుకి ఆ రోటి పసుపే. హైమ అందరి ముందూ కళ్లు ఎంత కావాలంటే అంత తుడుచుకుంది. పరాంకుశం గారు బంతిలో కూర్చుని మూడుసార్లు గోంగూర వేయించుకున్నారు. అప్పగింతలప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా ఆయనే. అత్తగారి ఊరు పక్క మండలం కాబట్టి, హైమ వెళ్లే దారికి తగ్గట్టు హద్దు కొంచెం జరిపి సంతకం పెట్టారు.

ఇక మర్నాడు మేం తిరుగు ప్రయాణం కావాలి. రోలు చుట్టూ నాలుగు స్తంభాలు పాతించి ఎర్రతాడు కట్టించి, లారీ వచ్చేదాకా ఎవరూ తాకవద్దన్నారు డైరెక్టర్ గారు. పెళ్లివారు ఆ తాడు మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. ప్రజలు ప్రదర్శనశాలతో మమేకమవుతున్నారని ఆయన రాసుకున్నారు. లారీ రాగానే నాగరత్తమ్మ గారు అడ్డంగా వచ్చి నిలబడింది.

"అమ్మా, బాధపడకండి," అన్నారు పరాంకుశం గారు అనునయంగా. "మా ప్రదర్శనశాలని దీనికి అత్తవారిల్లు అనుకోండి. అక్కడ దీనికేం లోటు? ఏసీ ఉంది."

"అట్టాగా నాయనా?" ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మరి పుట్టింటికొచ్చిన పిల్లని అత్తారింటికి పంపాలంటే మంచిరోజు చూడొద్దా? ఇయ్యాల మంగళవారం."

ఆయన సంప్రదాయ పరిరక్షణ మీద పుస్తకం రాసిన మనిషి. కాదనలేకపోయారు. రోలూ తువ్వాళ్లూ తాడూ అక్కడే వదిలి, గేటు ఎక్కించుకుని వెనక్కొచ్చి, నెత్తిన పసుపు పోయేదాకా ఓ పది రోజులు టోపీ పెట్టుకుని ఆఫీసుకి వచ్చారు.

శుక్రవారం ఫోన్ చేశాం. శుక్రవారం పూట పిల్లని గడప దాటించకూడదన్నారు. ఆ తర్వాత ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు. శ్రావణంలో మొదటి నోము పుట్టింట్లోనే పట్టాలి. భాద్రపదం శూన్యమాసం. కార్తీకంలో కమిటీ సమావేశమై, రోలు ఎప్పుడు వస్తుందని అడిగింది. "సారె సర్దడం ఇంకా అవలేదట," అని నేను నివేదించాను. కమిటీ దాన్ని నమోదు చేసుకుంది. ఈలోగా ఉప్పలదిన్నెలో నాలుగు పెళ్లిళ్లయ్యాయి. పుష్యం మళ్లీ శూన్యమాసం.

మాఘంలో పరాంకుశం గారు సెలవు పెట్టారు. మర్నాడు నన్ను పిలిచి, కొంచెం తోడు రమ్మన్నారు. కారులో వెనక సీట్లో ఆయన భార్య ఉంది, ఒళ్లో పసుపుకొమ్ముల సంచి ఉంది. వాళ్లమ్మాయికి సంబంధం కుదిరిందట.

ఉప్పలదిన్నెలో నాగరత్తమ్మ గారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. "రోలు తీసుకుపోడానికొచ్చావా నాయనా? ఇయ్యాల వర్జ్యం ఉంది," అంది.

"కాదమ్మా," అన్నారు ఆయన. గొంతులో డైరెక్టర్ లేడు. "మా అమ్మాయి పెళ్లి. పసుపు దంచుకుందామని."

ఆవిడ ఆయన్నీ, సంచినీ, ఆయన భార్యనీ చూసింది. వీధి వైపు తిరిగి నలుగురు ఆడవాళ్లని పేరుపెట్టి పిలిచింది. వాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. డైరెక్టర్ గారి భార్య నడుముకి కొంగు దోపి రోకలి అందుకుంది. ఆయన కూడా ఉత్సాహంగా రెండడుగులు ముందుకేశారు.

"మగోళ్లు ఇక్కడికి రాకూడదు నాయనా," అంది నాగరత్తమ్మ గారు. "ఆ తాడు అవతల నిలబడి చూడు."

పరాంకుశం గారు బుద్ధిగా వెళ్లి, ఆరేసిన చీరని కొంచెం పక్కకి జరిపి, సందర్శకులు నిలబడే చోట నిలబడ్డారు.